ముందు దారి కనపడనపుడు ఏ చదువు?

మే నెల దాటి జూన్ వచ్చిందంటే మా విచారణ కార్యాలయంలో జ్ఞానస్నానాల పుస్తకాలు దుమ్ము దులుపుకొంటాయి. క్రైస్తవ మైనారిటీ కళాశాలల్లో సీటు అడగాలంటే జ్ఞానస్నాన పత్రం కావాలి, విచారణ గురువు సంతకం కావాలి. ఏడాది పొడవునా గుడి మెట్లెక్కని వాళ్ళు కూడ ఆ పదిహేను రోజులు వరుసలో నిలబడతారు. నేను ఎవరినీ ఏమీ అనను. వాళ్ళను కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడే అవకాశం మళ్ళీ ఏడాది దాకా రాదు గదా!

ఆలా వచ్చిన వాళ్ళలో ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు. వెంట కూతురు. ఆ అమ్మాయి బై.పి.సి. ప్యాసయింది. నీట్ పరీక్ష రాసింది గాని సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. మేనత్త ఇంకో ఏడాది కోచింగుకి పంపమంటున్నది. పెదనాన్న నర్సింగులో చేర్చమంటున్నాడు. పక్కింటివాళ్ళ అబ్బాయి కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడు కనుక ఆ వైపు చూడమని వాళ్ళ సలహా. "ఫాదరుగారూ, మీరే ఒక మాట చెప్పండి. మీరు ఏది చెప్తే దానిలో చేరుస్తా" అన్నాడు తండ్రి.

నేను అమ్మాయి వైపు తిరిగి "నీకేం చదవాలని ఉంది తల్లీ?" అన్నాను. ఆమె తల వంచుకొని "తెలియదు ఫాదర్" అంది. తండ్రికి కోపం వచ్చింది. "పదిహేడేళ్ళు నిండినయ్. ఏం కావాలో తెలియదంటది. చూశారా?"

ఆ ముగ్గురు సలహాదారులకంటె ఆ పిల్లే నిజం చెప్పిందని నాకు తోచింది. ఈ వారం మన వ్యాసం ఆ "తెలియదు" అనే మాటను గూర్చే.

తెలియకపోవడం తప్పు కాదు

పదిహేడేళ్ళ పిల్ల ఎన్ని వృత్తులను దగ్గరగా చూసి ఉంటుంది? బడిలో టీచర్లను చూసింది, ఆసుపత్రిలో డాక్టరునూ నర్సునూ చూసింది, బస్సులో కండక్టరును చూసింది. తక్కినవన్నీ పేర్లే. ఎన్నడూ రుచి చూడని వంటకాల్లో నీకేది ఇష్టమని అడిగితే ఎవరు చెప్పగలరు? బాల సమూవేలు కూడ తన్ను పిలిచేదెవరో తెలియక మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ అతన్ని కసురుకోలేదు, మళ్ళీ వెళ్ళి పడుకోమన్నాడు.

జార్జ్ లెమేత్ర్ అనే బెల్జియం దేశపు గురువును గూర్చి మన పిల్లలకు చెప్పాలి. ఆయన 1894లో పుట్టాడు. పదిహేడేళ్ళ వయస్సులో లువేన్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగులో చేరాడు. 1914లో యుద్ధం రాగా చదువు ఆపి సైన్యంలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చాక ఇంజనీరింగు వదలి గణితం, భౌతికశాస్త్రం పట్టాడు. ఆ మీదట గురువిద్యాలయంలో చేరి 1923లో గురుపట్టం పొందాడు. 1927లో, విశ్వం వ్యాకోచిస్తూ ఉందని లెక్కలు కట్టి చూపించాడు. ఈనాడు శాస్త్రజ్ఞులు "బిగ్ బ్యాంగ్" అని పిలిచే సిద్ధాంతానికి ఆద్యుల్లో ఆయనొకడు. ఆయన ఇంజనీరింగులో చేరిన రోజున ఈ దారినంతా ఎవరు గీసి చూపగలిగేవారు?

ఇప్పటి లియో పోపుగారు 1977లో అమెరికాలోని విలనోవా విశ్వవిద్యాలయంలో గణితంలో పట్టా తీసుకొన్నారు. 2025లో కన్నుమూసిన ఫ్రాన్సిస్ పోపుగారు బడిలో రసాయనశాస్త్ర సాంకేతిక విద్య చదివి కొంతకాలం ప్రయోగశాలలో పనిచేశారు. వారి చదువు వృథా అయిందని ఎవరైనా అనగలరా? ఐతే ఈ ఉదాహరణలను అపార్థం చేసుకోకూడదు. ఏదో ఒకటి చదివితే చాలు, తక్కింది దానంతటదే కుదురుతుందని నేను చెప్పడం లేదు. లెమేత్ర్ చేరిన ఇంజనీరింగులో బలమైన గణితం ఉంది. ఆ గణితమే తరువాత ఆయనకు మరో తలుపు తెరచింది. అసలు కిటుకు ఇక్కడ ఉంది.

తలుపులు లెక్కపెట్టండి

గురువిద్యాలయంలో మేము తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసుగారి వివేక ప్రకరణం మమ్మల్ని నిద్రపుచ్చేది. ఇరవై ఏళ్ళు విచారణలు తిరిగాక దాని విలువ తెలిసింది. వివేకానికి మూడు పనులున్నాయంటారు ఆయన. మొదట ఆలోచించి విచారించడం, పిమ్మట తీర్పు చేసుకోవడం, చివరకు ఆ తీర్పును అమలు పెట్టడం. మన ఇళ్ళలో మొదటి పని గంటలో ముగుస్తుంది, మూడవ పని నాలుగేళ్ళు సాగుతుంది. కావలసింది దానికి తలక్రిందులు. నిదానంగా విచారించాలి, నిర్ణయమైన తరువాత జాప్యం చేయకూడదు. వివేకం గణితం లాంటిది కాదని కూడ ఆయన హెచ్చరిస్తారు. రేపటి సంగతుల్లో రెండు రెళ్ళు నాలుగు అన్నంత నిశ్చయం దొరకదు. అంతటి నిశ్చయం దొరికేదాకా ఆగుతానన్నవాడు అడ్మిషన్ల గడువు దాటేదాకా ఆగుతాడు.

ఉద్యోగమేదో తెలియని పిల్లవాడు "నేనేమవుతాను?" అనే ప్రశ్నను ప్రక్కనపెట్టి మరో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ కోర్సులో చేరితే ఏ తలుపులు ఇక మూసుకుపోతాయి? మూడేళ్ళ తరువాత ఏ తలుపులు తెరచి ఉంటాయి?

మన తల్లిదండ్రుల్లో చాలమందికి తెలియని సంగతులు కొన్ని చెప్తాను. సివిల్ సర్వీసు పరీక్షకు గాని, మన రాష్ట్రాల గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలకు గాని ఫలానా డిగ్రీయే ఉండాలనే నియమం లేదు. బి.ఏ. చదివినా బి.కాం. చదివినా కూర్చోవచ్చు. బ్యాంకు క్లర్కు, ఆఫీసరు పరీక్షల్లో చాలవాటికి ఇంతే. ఏ డిగ్రీ ఉన్నా లాసెట్ రాసి మూడేళ్ళ న్యాయశాస్త్రంలో చేరవచ్చు, ఐసెట్ రాసి ఎం.బి.ఏ.లో చేరవచ్చు. ఉపాధ్యాయ వృత్తికి బి.ఇడి. ఉంది. 2015 నుండి అది రెండేళ్ళ కోర్సు. ఐతే అందులో మీరు బోధించే పాఠ్యాంశం డిగ్రీలో చదివినదానిమీద ఆధారపడుతుంది. బి.యస్సీ.లో గణితం చదివినవాళ్ళు ఇ.సెట్ రాసి ఇంజనీరింగులో నేరుగా రెండవ ఏట చేరే వీలుందని చెప్తే మా విచారణలో సగంమంది నమ్మలేదు.

మూసుకుపోయే తలుపులు కూడ చూడాలి. ఇంటర్లో గణితం వదిలినవాళ్ళకు మామూలుగా ఇంజనీరింగు దొరకదు. జీవశాస్త్రం వదిలినవాళ్ళకు వైద్యం దొరకదు. డిగ్రీలో రసాయనశాస్త్రం లేకుండా దానిలో ఎం.యస్సీ. చేయడం కష్టం. కొన్ని కోర్సులకు మొదటినుండీ ఒకటే తలుపు ఉంటుంది. నర్సింగు ఆలాంటిది. అది గొప్ప వృత్తి, మన కుటుంబాల్లో ఎందరికో అన్నం పెట్టింది. కాని నాలుగేళ్ళు బి.యస్సీ. నర్సింగు చదివిన తరువాత నాకీ పని నచ్చలేదంటే చాల నష్టం. కనుక మనసు తేలినవాళ్ళకు ఒకే తలుపున్న కోర్సు మంచిది, తేలనివాళ్ళకు నాలుగు తలుపులున్న కోర్సు మంచిది. ఇదే నా లెక్క. ఇది వేదసత్యమేమీ కాదు, ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని చూచి వేసుకొన్న లెక్క.

కోర్సు పేరు చూచి మోసపోకండి. కొన్ని కళాశాలలు పాత బి.యస్సీ.కే మెరిసే పేరు తగిలించి రెండింతలు ఫీజు వసూలు చేస్తాయి. మూడేళ్ళ పాఠ్యప్రణాళిక అడిగి తీసుకోండి. ఈ కోర్సు నిరుడు చదివి ముగించిన ఇద్దరు పిల్లల్ని వెదకి పట్టుకొని ఇప్పుడేం చేస్తున్నారని అడగండి. గేటు దగ్గర పంచే రంగుల కాగితం కంటె వాళ్ళ మాట నమ్మదగింది. ప్రయోగశాల ఉందా, తాళం వేసి ఉందా అన్నది కూడ కళ్ళారా చూడండి.

మనసును కనిపెట్టడం

"నీకేది ఇష్టం?" అన్న ప్రశ్నకు జవాబు మాటల్లో రాకపోతే చేతల్లో వెదకాలి. పునీత ఇగ్నేషియసు లొయోలాగారు 1521లో పాంప్లోనా కోట పోరులో ఫిరంగిగుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచం పట్టారు. అక్కడ వారు గమనించిన సంగతి చాల చిన్నది. రాచకొలువులో వీరుడుగా పేరు తెచ్చుకోవడాన్ని గూర్చి ఊహించుకొన్నపుడు ఆ కాసేపూ హాయిగా ఉండేది, ఊహ ముగియగానే మనసు ఎండిపోయేది. పునీతుల్లాగ జీవించడాన్ని గూర్చి తలంచుకొన్నపుడు ఆ తలపు పోయిన తరువాత కూడ మనసు చల్లగా ఉండేది. ఆ తేడాను కనిపెట్టడంతో ఆయన బ్రతుకే మారింది.

పిల్లలారా, మీరు కూడ ఈ పరీక్ష చేసుకోవచ్చు. డాక్టరు అని పిలిపించుకోవడం అందరికీ తీపిగానే ఉంటుంది. దాన్ని అటుంచండి. చేరదలచిన కోర్సు మొదటి ఏడు పుస్తకం ఎవరినైనా అడిగి తెచ్చుకొని రెండు గంటలు చదవండి. చదివి లేచాక మనసు ఎట్లా ఉంది? అలసినా ఇంకో పుట తిరగేయాలని ఉందా? లేక ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చూశారా? ఆ పని చేసేవాళ్ళ వెంట ఒకటి రెండు రోజులు ఉండండి. బ్యాంకు గుమాస్తా, ల్యాబు టెక్నీషియన్, వ్యవసాయాధికారి, ఆడిటరు దగ్గర పనిచేసే కుర్రవాడు - ఈలాంటివాళ్ళు ప్రతి విచారణలోను ఉన్నారు. ఆదివారం పూజ అయ్యాక అడిగితే కాదనరు.

ఇగ్నేషియసుగారి ఉపాయం ఇంకొకటి ఉంది. నీవెన్నడూ చూడని ఒక మనిషి సరిగ్గా నీ సమస్యతోనే నీ దగ్గరికి వచ్చాడనుకో. అతడి మేలుకోరి ఏమి సలహా ఇస్తావు? ఆ సలహానే నీవూ పాటించు. నేను దీన్ని చాలమంది యువతీయువకుల చేత కాగితంమీద వ్రాయించాను. తమ సంగతి చెప్పమంటే నోరు విప్పని పిల్లలు పరాయివాడికి పుట నిండా సలహా వ్రాస్తారు.

మనసు క్రుంగి ఉన్నపుడు పాత నిర్ణయాన్ని మార్చుకోవద్దని కూడ ఆయన చెప్పారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన రాత్రి, నీట్ ఫలితాలు వచ్చిన రాత్రి ఏ నిర్ణయమూ చేయవద్దు. అన్నం తిని పడుకోండి.

తల్లిదండ్రులతో ఒక మాట

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళ క్రిందట, మరో విచారణలో ఉన్నపుడు, ఒక రైతు కొడుకును తీసుకొని వచ్చాడు. నేను మార్కుల కాగితం చూచి "ఇంజనీరింగులో చేర్చండి, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది" అని ఒక్క నిమిషంలో తేల్చాను. ఆ పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న కూడ అడగలేదు. గుడి పండుగకి తోరణాలు కట్టడం, మైకుసెట్టు బాగుచేయడం, పాడైన ఫ్యాను విప్పి బిగించడం అన్నీ అతడే చేసేవాడు. అది నేను కళ్ళారా చూచి కూడ చూడలేదు. అతనికి పుస్తకం పడదు, పనిముట్టు పడుతుంది. ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్‌లోనో చేరి ఉంటే రాణించేవాడు. మొదటి సంవత్సరంలోనే ఐదు పరీక్షలు తప్పాడు. నాకు ముఖం చూపలేక పూజకు రావడం మానేశాడు. నాలుగేళ్ళు గడచినా పట్టా చేతికి రాలేదు. హాస్టలు ఖర్చులకు తండ్రి అరెకరం అమ్ముకొన్నాడు. చాలకాలానికి ఒక పెళ్ళిలో కనబడి, "ఫాదర్, ఆ రోజు మీరు నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేది" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

పెద్దలకు బలవంతం చేసే హక్కు ఎంతవరకు ఉంది? తోమాసు అక్వీనాసుగారి ఇంటి కథే చూడండి. కుటుంబం వారు ఆయన్ను మోంతెకస్సీనో మఠానికి అధిపతిగా చూడాలనుకొన్నారు. అందులో పరువు ఉంది, పలుకుబడి ఉంది. ఆయన భిక్షమెత్తి బ్రతికే దోమినికు సభలో చేరాడు. 1244లో అన్నలు దారికాచి పట్టుకొనివచ్చి ఏడాదిపాటు కోటలో నిర్బంధించారు. ఆయన మనసు మారలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తమ్ముని బాగు కోరినవాళ్ళే.

ఖర్చు ఎంత పెట్టగలరో మాత్రం పిల్లలకు దాచకుండ చెప్పండి. "నీకెందుకు, నువ్వు చదువుకో" అనడం ప్రేమ అనుకొంటాం. కాని ఇంట్లో అప్పు ఎంతుందో తెలిసిన పిల్లలు ఇంకా బాధ్యతగా ఎన్నుకొంటారు. చుట్టాల పిల్లలతో పోల్చడం మానండి. ఫలితాల రోజుల్లో పత్రిక తెరవాలంటే నాకు భయం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత బిడ్డల్ని పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ముఖాలు మనమంతా చూశాం. మీ బిడ్డ తిండి మానినా, గది తలుపు వేసుకొని మాట్లాడకపోయినా తేలికగా తీసుకోకండి. ప్రభుత్వం వారి టెలీమానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. డబ్బు అడగరు. గురువులను, మఠకన్యలను కూడ ఏ వేళనైనా లేపండి.

ఆలస్యమైనంత మాత్రాన కొంప మునగదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. తరువాత ఆయన అమెరికాలో చేసిన పరిశోధనలు ప్రపంచానికి మందులిచ్చాయి. ఇగ్నేషియసుగారు ముప్పైమూడేళ్ళ వయస్సులో బార్సెలోనాలో చిన్నపిల్లల ప్రక్కన కూర్చొని లతీను వ్యాకరణం వల్లెవేశారు. తొందరగా ఏదో ఒక పని పట్టవలసిన పిల్లలకు సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో మొదటిది మన దగ్గరే 1982లో హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడది అంబేద్కరుగారి పేరిట నడుస్తూంది. పగలు పనిచేసుకొంటూ అక్కడ డిగ్రీ చేసినవాళ్ళు మా గాయక బృందంలోనే ఇద్దరున్నారు.

కాగితాల సంగతి కూడ చెప్పి ముగిస్తాను. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు ఫలితాలు వచ్చేదాకా ఆగకండి. దళితుల నుండి క్రైస్తవులైన కుటుంబాలకు బి.సి.-సి వర్గం క్రింద 1 శాతం రిజర్వేషను ఉంది. ఆ పత్రం కోసం ఆఖరి రోజున పరుగెత్తి సీటు పోగొట్టుకొన్నవాళ్ళను నేనెరుగుదును. డిగ్రీ దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైనులోనే. తెలంగాణలో 2016 నుండి "దోస్త్" ద్వారా జరుగుతూంది. కళాశాలల వరుస పెట్టేపుడు నెట్ సెంటరు కుర్రవాడికి వదలిపెట్టి టీ త్రాగడానికి వెళ్ళకండి, ప్రక్కన కూర్చొని మీరే చెప్పి పెట్టించండి. ఆ వరుసే సీటును నిర్ణయిస్తుంది.

మేస్త్రీగారి అమ్మాయి సంగతి ఏమయిందని అడుగుతారు. ఆ రోజు నేను సలహా ఏమీ ఇవ్వలేదు. "ఇంటి దగ్గర నీవేం చేస్తుంటావు?" అన్నాను. తల్లి డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం వ్రాస్తుందట. ఇంటర్లో ప్రయోగాల రికార్డు బొమ్మలు తరగతి మొత్తానికి ఈమెవే బాగుండేవట. పది రోజులు గడువు పెట్టి, మా సిస్టర్ల ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపాను. రెండు రోజులు నర్సులతో ఉంది, రెండు రోజులు ల్యాబులో ఉంది. తిరిగి వచ్చి, "రోగుల దగ్గర నాకు భయం లేదు ఫాదర్, కాని వార్డులో ఉన్నంతసేపూ ఎప్పుడు ల్యాబుకి వెళ్తానా అనిపించింది. సూక్ష్మదర్శిని దగ్గర కూర్చుంటే టైము తెలియలేదు" అంది. మైక్రోబయాలజీ, రసాయనశాస్త్రం ఉన్న బి.యస్సీ.కి మొదటి ఐచ్ఛికం పెట్టుకొంది.

"దీనితో ఉద్యోగం వస్తదా ఫాదరుగారూ?" అన్నాడు తండ్రి. వస్తుందని నేను మాట ఇవ్వలేనన్నాను. ల్యాబులు, మందుల కంపెనీలు, ఎం.యస్సీ., బి.ఇడి., గ్రూప్ పరీక్షలు, ఇవన్నీ తెరచి ఉంటాయి, మూడవ ఏట మళ్ళీ ముగ్గురం కూర్చుందామన్నాను. ఆయన కాసేపు పైకప్పు వైపు చూచి, మా కార్యాలయం గోడకు చెమ్మ పట్టిందని, వానలు ముదరకముందే పూత వేయించమని చెప్పి, జ్ఞానస్నాన పత్రం మడిచి జేబులో పెట్టుకొన్నాడు.